అసెంబ్లీలో, పార్లమెంటులో ప్రశ్న వేస్తే ఏం జరుగుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసుపత్రిలో డాక్టర్ లేడు, బస్సు రావడం మానేసింది, పింఛను ఆగిపోయింది. ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "మన ఎమ్మెల్యే అసెంబ్లీలో అడగొచ్చు కదా" అంటారు. అడగొచ్చు. కానీ ఏం అడిగాడు, ఎలా అడిగాడు, జవాబు వచ్చాక ఏం చేశాడు అన్న దాని మీదే ఫలితం ఉంటుంది. టీవీలో కనిపించే అరుపులకూ ఈ పనికీ సంబంధం తక్కువ. అసలు పని చాలావరకు కాగితాల మీదే నడుస్తుంది.

ప్రశ్నోత్తరాల సమయం అంటే ఏమిటి?

సభ్యులు ప్రశ్నలు వేసి మంత్రుల చేత జవాబు చెప్పించుకునే గంట. లోక్‌సభలో ఉదయం 11 నుంచి 12 వరకు నడుస్తుంది. రాజ్యసభలో 2014 నవంబర్ నుంచి మధ్యాహ్నం 12కి మార్చారు. పొద్దున్నే పెడితే గొడవల్లో కొట్టుకుపోతోందని చేసిన మార్పు ఇది. గొడవలు కూడా దానితోపాటే మధ్యాహ్నానికి మారాయన్నది వేరే సంగతి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభల్లోనూ మామూలుగా సభ మొదలవగానే ప్రశ్నలతోనే ఆరంభిస్తారు.

దీనికి మూలం రాజ్యాంగంలోనే ఉంది. 75వ అధికరణం ప్రకారం కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు, 164వ అధికరణం ప్రకారం రాష్ట్ర మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. బాధ్యత అంటే అడిగితే చెప్పాలి కదా.

ఈ హక్కు ఎప్పటి నుంచి ఉంది?

ముక్కలు ముక్కలుగా వచ్చింది. 1892 చట్టంతో శాసనమండలి సభ్యులకు ప్రశ్న అడిగే హక్కు దొరికింది. కానీ జవాబు విని కూర్చోవాలి, తిరిగి అడగకూడదు. 1909లో అనుబంధ ప్రశ్న, అంటే మనం సప్లిమెంటరీ అనేది, మొదట అడిగిన సభ్యుడికి మాత్రమే ఇచ్చారు. 1919 సంస్కరణల తర్వాత మిగతా సభ్యులకూ దక్కింది. తమిళనాడుకు చెందిన సత్యమూర్తి కేంద్ర శాసనసభలో వరసగా సప్లిమెంటరీలు వేసి బ్రిటిష్ అధికారులను ఎంత ఇబ్బంది పెట్టారంటే ఆయనకు "సప్లిమెంటరీ సత్యమూర్తి" అనే పేరే పడింది. ప్రశ్న కంటే ప్రశ్న మీద ప్రశ్నకే ప్రభుత్వం ఎక్కువ భయపడుతుందని అప్పుడే తేలిపోయింది.

స్టార్డ్, అన్‌స్టార్డ్ ప్రశ్నలకు తేడా ఏమిటి?

చుక్క గుర్తు ఉన్న ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దాని మీద సప్లిమెంటరీలు వేయొచ్చు. చుక్క లేనిదానికి రాతలో జవాబు ఇస్తారు, సప్లిమెంటరీ ఉండదు. లోక్‌సభలో రోజుకు 20 స్టార్డ్, 230 అన్‌స్టార్డ్ ప్రశ్నలు జాబితాలో ఉంటాయి. రాజ్యసభలో 15, 160. మూడో రకం స్వల్ప వ్యవధి ప్రశ్న. అత్యవసర ప్రజా ప్రాముఖ్యం ఉంటే మామూలు గడువు లేకుండా అడగొచ్చు, కానీ మంత్రి ఒప్పుకోవాలి. ఒప్పుకునే మంత్రులు అరుదు.

రెండింట్లో ఏది మేలు?

స్టార్డ్ ప్రశ్నకు గౌరవం ఎక్కువ, టీవీలో కనిపిస్తుంది. కానీ 20 జాబితాలో ఉన్నా చాలా రోజుల్లో నాలుగైదుకు మించి సభలో చర్చకు రావు. మిగిలినవాటికి రాతపూర్వక జవాబే దిక్కు. అదీ సభ సజావుగా నడిస్తే.

నన్నడిగితే లెక్కలు కావాలనుకున్నప్పుడు అన్‌స్టార్డే మేలు. మంత్రి మాటకారితనం అక్కడ పనిచేయదు. జిల్లాల వారీగా, సంవత్సరాల వారీగా పట్టికలు వచ్చి చేతిలో పడతాయి. గల్ఫ్ దేశాల్లో ఏటా ఎంతమంది భారతీయ కార్మికులు చనిపోతున్నారన్న అంకెలు మనకు తెలిసేది చాలావరకు ఇలాంటి జవాబుల వల్లే. జగిత్యాల నుంచో కోనసీమ నుంచో వెళ్ళినవాళ్ళ కుటుంబాల తరఫున మాట్లాడే సంఘాలకు ఆ పట్టికే ఆధారం. మంత్రిని నిలబెట్టి ఒక మాట చెప్పించాలి, హామీ తీసుకోవాలి అనుకుంటే మాత్రం స్టార్డే కావాలి.

ఎంపీ అనుకున్న రోజున అనుకున్న ప్రశ్న వేయగలడా?

వేయలేడు. కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. లోక్‌సభలో ఒక సభ్యుడు ఒక రోజుకు అయిదు నోటీసులకు మించి ఇవ్వకూడదు, జాబితాలో అతని స్టార్డ్ ప్రశ్న ఒక్కటే ఉండాలి. మంత్రిత్వ శాఖలను అయిదు గుంపులు చేసి వారంలో ఒక్కో రోజు ఒక్కో గుంపుకు కేటాయిస్తారు, కాబట్టి రైల్వే ప్రశ్న రైల్వే రోజునే రావాలి. వచ్చిన నోటీసులకు లాటరీ తీస్తారు. ఎంత మంచి ప్రశ్నయినా చీటీలో పేరు రాకపోతే అంతే సంగతులు. అందుకే ఒకే పార్టీకి చెందిన నలుగురైదుగురు ఎంపీలు అచ్చం ఒకేలాంటి ప్రశ్న పంపడం కనిపిస్తుంది. కాపీ కొట్టారని నవ్వుకోకండి, ఎవరో ఒకరికి తగులుతుందన్న లెక్క అది.

రాష్ట్ర సభల్లో గడువులు, సంఖ్యలు ఆయా సభల నిబంధనలను బట్టి ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే.

ఏ సమస్యను ఎక్కడ అడగాలి?

ఇక్కడే చాలామంది పొరబడతారు. రైలు ఆగడం, పోస్టాఫీసు, జాతీయ రహదారి, పాస్‌పోర్టు, పీఎఫ్ ఇవి కేంద్రానివి, కాబట్టి పార్లమెంటులో అడగాలి. పీహెచ్‌సీ డాక్టర్, 108 అంబులెన్స్, ఆర్టీసీ బస్సు, బడిలో టీచరు, సామాజిక పింఛను రాష్ట్రానివి. రాష్ట్ర విషయాన్ని పార్లమెంటులో అడిగితే "ప్రజారోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం" అన్న వాక్యంతో జవాబు మొదలవుతుంది. ఆ వాక్యం కనిపించగానే మిగతా జవాబులో ఏమీ ఉండదని పాతకాపులకు తెలుసు.

నిజమైన చిక్కు రెండింటికీ చెందిన వాటితోనే. రేషన్ బియ్యం కోటా కేంద్రానిది, డీలర్ రాష్ట్రం చేతిలో ఉంటాడు. ఇంటింటికీ కుళాయి ఇచ్చే పథకంలో డబ్బు ఇద్దరిదీ, పైపులు వేసేది రాష్ట్రం. ఉపాధి హామీ పనిదీ ఇదే తంతు. ఇలాంటి చోట ఇద్దరూ అవతలివాడి వైపు వేలు చూపిస్తారు. చేయాల్సిన పని, ఒకే ప్రశ్నను రెండు ముక్కలు చేయడం. "ఫలానా ఏడాది రాష్ట్రానికి ఎంత ఇచ్చారు, ఎంతకు వినియోగ పత్రాలు వచ్చాయి" అని ఎంపీ ఢిల్లీలో అడగాలి. "ఎంత అందింది, ఎంత ఖర్చయింది, మా రాష్ట్ర వాటా ఎంత విడుదల చేశారు" అని ఎమ్మెల్యే ఇక్కడ అడగాలి. రెండు జవాబులూ పక్కపక్కన పెడితే డబ్బు ఎక్కడ ఆగిందో చిన్నపిల్లవాడికైనా తెలుస్తుంది. కానీ ఒక నియోజకవర్గపు ఎంపీ, ఎమ్మెల్యే కూడబలుక్కుని ఇలా చేయడం, వాళ్ళది ఒకే పార్టీ అయినా సరే, అరుదుగానే చూస్తాం.

ఎలాంటి ప్రశ్నలను తిరస్కరిస్తారు?

లోక్‌సభ నిబంధనల్లో పెద్ద జాబితానే ఉంది. వాదన, వ్యంగ్యం, నిందలు ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కోర్టులో ఉన్న విషయం అడగకూడదు. మామూలుగా 150 పదాలు మించకూడదు. సులభంగా దొరికే అచ్చు పత్రాల్లో ఉన్న సమాచారం అడగకూడదు. ఇప్పటికే జవాబు చెప్పిన ప్రశ్నను మళ్ళీ వేయకూడదు. ఒక జవాబులో ఇమడనంత పెద్ద విధాన విషయం పట్టుకురాకూడదు. "ప్రభుత్వం పేదలను ఎందుకు పట్టించుకోవడం లేదు?" అన్నది మంచి ఉపన్యాసం, చెడ్డ ప్రశ్న.

మరి ప్రశ్న ఎలా రాస్తే నిజం బయటికొస్తుంది?

ఒక ఉదాహరణ చూద్దాం. ఊహించినదే, కానీ ఇలాంటివి ప్రతి సమావేశంలోనూ కనిపిస్తాయి. మీ మండలం పీహెచ్‌సీలో డాక్టర్ వారానికి రెండు రోజులే వస్తున్నాడు. ఎమ్మెల్యే ఇలా అడిగాడనుకోండి:

"(అ) ఫలానా మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో సరైన వైద్యం అందడం లేదన్న మాట నిజమేనా? (ఆ) అయితే, ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?"

జవాబు ముందే చెప్పేయొచ్చు: "(అ) కాదండి. (ఆ) ప్రశ్న ఉత్పన్నం కాదు." రెండు ముక్కల్లో అయిపోయింది. మంత్రి అబద్ధం కూడా చెప్పలేదు. "సరైన వైద్యం" అంటే ఏమిటో ఎవరికి తెలుసు? ప్రశ్నలోనే తలుపు తెరిచిపెట్టి, దొంగ పారిపోయాడంటే ఎలా?

అదే సంగతిని ఇలా అడగొచ్చు:

"(అ) ఫలానా జిల్లాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలెన్ని, వాటికి మంజూరైన వైద్యుల పోస్టులెన్ని, మార్చి 31 నాటికి ఖాళీలెన్ని, కేంద్రాల వారీగా? (ఆ) ఒక్కో ఖాళీ ఏ తేదీ నుంచి ఉంది? (ఇ) ఆ కేంద్రాల పేరిట జీతం తీసుకుంటూ డిప్యుటేషన్ మీద వేరేచోట పనిచేస్తున్న వైద్యులెందరు, ఏ ఉత్తర్వుల ప్రకారం? (ఈ) గత ఆరు నెలల్లో ఒక్కో కేంద్రంలో నెలవారీ ఓపీ, కాన్పుల సంఖ్య ఎంత?"

ఇందులో ఎక్కడా ఫిర్యాదు లేదు, "నిజమేనా" లేదు. "కాదండి" అనడానికి చోటే లేదు. అన్నిటికంటే విలువైనది (ఇ). రికార్డులో పోస్టు నిండి ఉంటుంది, మనిషి మాత్రం జిల్లా కేంద్రంలో ఉంటాడు. ఖాళీల గురించి మాత్రమే అడిగితే "ఖాళీలు లేవు" అన్న జవాబు వచ్చి పడుతుంది, ఊళ్ళో ఎమ్మెల్యే పరువు పోతుంది. తేదీ అడగడం కూడా అంతే ముఖ్యం. "భర్తీ ప్రక్రియ జరుగుతోంది" అన్న మాట పక్కన 2019 అనో 2021 అనో తేదీ కనిపిస్తే ఆ ప్రక్రియ ఎంత జోరుగా నడుస్తోందో వేరే చెప్పక్కర్లేదు. ఇక (ఈ)లో ఓపీ సంఖ్య అడగడం ఎందుకంటే, డాక్టర్ రోజూ వస్తున్నాడని రాసిన కేంద్రంలో నెలకు యాభై ఓపీలే ఉంటే సప్లిమెంటరీకి సరుకు దొరికినట్టే.

ఇంకో చిన్న కిటుకు. ఒక్క ఊరు గురించి అడిగితే అధికారులు ఆ ఊరు ఒక్కటీ సర్దేసి జవాబు రాస్తారు. అదీ మంచిదే అనుకుంటే అలాగే అడగండి. జిల్లా మొత్తం అడిగితే మాత్రం సర్దడం కుదరదు.

జవాబు నిజంగా తయారుచేసేది ఎవరు?

మంత్రి కాదు. సచివాలయంలో సంబంధిత సెక్షన్‌కు ప్రశ్న చేరుతుంది. అక్కడి నుంచి శాఖాధిపతికి, ఆయన నుంచి జిల్లా అధికారికి, చివరికి ఫోన్‌లోనో వాట్సాప్‌లోనో మండల స్థాయి ఉద్యోగికి వెళుతుంది. ప్రభుత్వ కార్యాలయాల్లో అసెంబ్లీ ప్రశ్నను "ఎల్ఏక్యూ" అంటారు, మండలి ప్రశ్నయితే "ఎల్‌సీక్యూ". "ఎల్ఏక్యూ వచ్చింది, సాయంత్రంలోగా ఫిగర్స్ పంపాలి" అంటే ఆ రోజు ఆఫీసులో అందరికీ టెన్షనే. సెలవులో ఉన్నవాడికి కూడా ఫోన్ వెళుతుంది. ఆ కంగారులో వచ్చిన అంకెల్లో తప్పులుంటాయని కూడా గుర్తుంచుకోవాలి.

స్టార్డ్ ప్రశ్నయితే జవాబుతో పాటు సప్లిమెంటరీల కోసం ఒక నోట్ కూడా తయారవుతుంది. సభ్యుడు ఏమేం అడిగే అవకాశముందో ఊహించి, దేనికి ఏం చెప్పాలో అందులో రాసిపెడతారు. అధికారుల గ్యాలరీలో కూర్చున్నవాళ్ళు అవసరమైతే చీటీ పంపిస్తారు. అసలు జవాబు కంటే ఆ నోట్‌లోనే ఎక్కువ నిజం ఉంటుంది. అది మాత్రం మనకు కనిపించదు.

ప్రశ్న వల్ల కలిగే మేలు సగం ఈ దశలోనే జరిగిపోతుంది. ఏడాదిగా మూలనపడ్డ ఎక్స్‌రే మిషన్ ఎల్ఏక్యూ వచ్చిన వారంలో బాగయిందంటే ఆశ్చర్యపడక్కర్లేదు. "మరమ్మతు పూర్తయింది" అని రాయడం, "పాడై ఉంది" అని రాయడం కంటే సులువు.

"పరిశీలనలో ఉంది", "నిధుల లభ్యతను బట్టి" లాంటి జవాబులను ఎలా అర్థం చేసుకోవాలి?

"దశలవారీగా చేపడతాం" అంటే మీ ఊరు ఏ దశలో ఉందో చెప్పరు. "నిధుల లభ్యతను బట్టి" అంటే ఈ ఏడాది లేదు. "సమాచారం సేకరించి సభ ముందుంచుతాం" అంటే లెక్క లేకపోయి ఉండాలి, లేదా ఉన్న లెక్క ఇబ్బందికరంగా ఉండాలి. పాము చావకుండా, కర్ర విరగకుండా రాయడం ఒక విద్య. అందులో ఆరితేరినవాళ్ళు సచివాలయంలో చాలామందే ఉన్నారు.

అయితే జవాబులో ఒక్కో మాటనూ పట్టుకుని చదవాలి. రెండు నిజమైన సందర్భాలు చెబుతాను.

2020 సెప్టెంబర్ 14న, కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత పార్లమెంటు కలిసిన మొదటి రోజున, ఇళ్ళకు తిరిగి వెళుతూ చనిపోయిన వలస కార్మికులెందరని లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. అలాంటి లెక్కలు నిర్వహించడం లేదని కార్మిక శాఖ జవాబిచ్చింది. వాళ్ళ కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అన్నదానికి, పై జవాబు దృష్ట్యా ప్రశ్న ఉత్పన్నం కాదంది. సొంత రాష్ట్రాలకు తిరిగి వెళ్ళినవాళ్ళు 1 కోటి 4 లక్షలకు పైనే అన్న లెక్క మాత్రం ఆ శాఖ దగ్గర ఉంది. వెళ్ళినవాళ్ళ లెక్క ఉంది, దారిలో పోయినవాళ్ళ లెక్క లేదు. ఆ "లేదు" అన్న మాటే దేశమంతా వార్త అయింది. లెక్క లేదని ప్రభుత్వం చేత రాతలో చెప్పించడం కూడా ఒక ఫలితమే.

రెండోది 2021 జులై 20, రాజ్యసభ. ఆక్సిజన్ అందక ఎంతమంది చనిపోయారు? ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు సంభవించినట్టు రాష్ట్రాలు "ప్రత్యేకంగా" నివేదించలేదని కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. చాలామంది దీన్ని "ఆక్సిజన్ మరణాలే లేవట" అని చదివి మండిపడ్డారు. జాగ్రత్తగా చూడండి, మరణాలు లేవని జవాబులో లేదు. రాష్ట్రాలు ఆ పేరుతో రాసి పంపలేదని ఉంది. అంటే తర్వాతి ప్రశ్న ఏమిటో జవాబులోనే ఉంది: అలా రాసి పంపమని మీరు ఎప్పుడైనా అడిగారా, ఫారంలో ఆ గడి ఉందా? ఆ గొడవ తర్వాత కేంద్రం రాష్ట్రాలను అడిగింది. ఆగస్టులో ఇచ్చిన జవాబులో ఆంధ్రప్రదేశ్ ప్రస్తావన వచ్చింది. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రిలో వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు, ఆక్సిజన్ లైన్లలో ఒత్తిడి పడిపోయిన సమయంలో చనిపోయారని ప్రాథమిక నివేదిక ఆధారంగా చెప్పారు. తిరుపతిలో అందరికీ మే నెలలోనే తెలిసిన సంగతి పార్లమెంటు రికార్డుకు ఎక్కడానికి మూడు నెలలు, ఒకటికి రెండు ప్రశ్నలు పట్టింది.

మంత్రి చెప్పింది తప్పని తేలితే?

లోక్‌సభలో స్పీకర్ ఆదేశాల్లో 115వది ఇందుకే ఉంది. మంత్రి ప్రకటనలో తప్పుందని సభ్యుడు ఆధారాలతో స్పీకర్‌కు రాయొచ్చు, మంత్రి వివరణ ఇవ్వాలి. కావాలనే సభను తప్పుదోవ పట్టించారనుకుంటే సభా హక్కుల ఉల్లంఘన నోటీసు ఇవ్వొచ్చు. రెండోది రుజువు చేయడం కష్టం, ఎక్కువగా రాజకీయ అస్త్రంగానే వాడతారు. జవాబులోని వాస్తవాలకు ఇంకా వివరణ కావాలంటే అరగంట చర్చ అడగొచ్చు. లోక్‌సభలో సోమ, బుధ, శుక్రవారాల్లో చివరి అరగంట దీనికి ఉంది. మంచి సాధనం, తుప్పు పట్టిపోతోంది.

మొదట్లో చిన్నగా కనిపించిన ప్రశ్న ఎంత దూరం పోగలదో చెప్పడానికి పాత కథ ఒకటుంది. 1957లో ఎల్ఐసీ డబ్బును ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో ఎందుకు పెట్టారని లోక్‌సభలో ప్రశ్నలు మొదలయ్యాయి. మంత్రి జవాబులు నీళ్ళు నమిలినట్టున్నాయి. ఫిరోజ్ గాంధీ పట్టు వదలలేదు. జస్టిస్ చాగ్లా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ప్రభుత్వం కాంగ్రెస్‌ది, ప్రధాని నెహ్రూ, పట్టుబట్టిన ఫిరోజ్ గాంధీ కాంగ్రెస్ ఎంపీ, నెహ్రూ అల్లుడు.

హామీ ఇచ్చి మర్చిపోతే ఎవరు అడుగుతారు?

దీనికోసమే ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. లోక్‌సభలో 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి పనిచేస్తోంది. రాష్ట్ర సభల్లోనూ ఉంది. పార్లమెంటులో ఇచ్చిన హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేదా గడువు పొడిగించమని అడగాలి.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఏయే మాటలను హామీగా లెక్కించాలో పార్లమెంటులో ఒక జాబితా ఉంది. "పరిశీలనలో ఉంది", "విచారిస్తాను", "సమాచారం సేకరిస్తున్నాం" ఆ జాబితాలోవే. అంటే ఇందాక మనం వెక్కిరించిన తప్పించుకునే మాటలే కమిటీ ఖాతాలో అప్పులుగా నమోదవుతాయి. మీ ఊరి వంతెన "పరిశీలనలో ఉంది" అని మంత్రి సభలో అన్నాడంటే నిరుత్సాహపడకండి. తేదీ, ప్రశ్న సంఖ్య రాసిపెట్టుకుని మూడు నెలల తర్వాత ఎంపీకి గుర్తుచేయండి.

ప్రశ్న కాకుండా వేరే దారులు ఏమున్నాయి?

ఉన్నాయి. శూన్యకాలం, అదే జీరో అవర్, నిబంధనల పుస్తకంలో ఎక్కడా లేదు, 1960ల నుంచి అలవాటుగా వచ్చింది. మంత్రి అప్పటికప్పుడు జవాబు చెప్పాల్సిన పని లేదు. లోక్‌సభలో 377 నిబంధన కింద సమస్యను ప్రస్తావించవచ్చు, మంత్రి తర్వాత ఉత్తరం రాస్తాడు. సావధాన తీర్మానానికి, అదే కాలింగ్ అటెన్షన్‌కు, మాత్రం మంత్రి లేచి ప్రకటన చేయాల్సిందే.

కమిటీల పని నిదానం, కానీ లోతు ఎక్కువ. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ ఇచ్చిన నివేదికలను పట్టుకుని ప్రజాపద్దుల కమిటీ అధికారులను పిలిచి కూర్చోబెడుతుంది. అక్కడ కెమెరాలు ఉండవు కాబట్టి సభ్యులు కాస్త పని చేస్తారు. ఆ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. 2024లో తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దీని మీద వివాదం నడిచింది.

సభను బహిష్కరిస్తే ప్రశ్నలు ఏమవుతాయి?

అన్‌స్టార్డ్ ప్రశ్నకు మనిషి సభలో ఉండక్కర్లేదు, జవాబు వస్తుంది. లోక్‌సభలో స్టార్డ్‌కు ఒకప్పుడు ఉండాల్సిందే. 2009 నవంబర్ 30న లోక్‌సభలో ప్రశ్నలు వేసిన ఎంపీలు వరసగా గైర్హాజరవడంతో గంట పూర్తికాకుండానే ప్రశ్నోత్తరాలు ఆగిపోయాయి. తర్వాత, అడిగినవాడు లేకపోయినా మంత్రి జవాబు చెప్పేలా నిబంధన మార్చారు.

మన దగ్గర బహిష్కరణ ఏ ఒక్క పార్టీ సొత్తూ కాదు. 2017 చివరి నుంచి ఫిరాయింపులకు నిరసనగా వైఎస్సార్ కాంగ్రెస్ ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి రాలేదు. 2021 నవంబర్ 19న చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగానే తిరిగి వస్తానని చెప్పి వెళ్ళిపోయారు. 2024 తర్వాత 11 మంది సభ్యులున్న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా విషయమై అసెంబ్లీకి ఎక్కువగా దూరంగా ఉంటూ, మండలిలో మాత్రం ప్రశ్నలు వేస్తూ వచ్చింది. కారణాలు ఎవరివి వాళ్ళకున్నాయి. నియోజకవర్గం వైపు నుంచి చూస్తే మాత్రం అన్ని రోజులూ ఆ ఊళ్ళ ప్రశ్నలు అడిగే నోరు లేదు.

అధికార పార్టీ ఎమ్మెల్యే అడిగే ప్రశ్నలు ఉత్తుత్తివేనా?

కొన్ని అంతే. మంత్రి చెప్పుకోవాలనుకున్నది చెప్పుకోవడానికి వేయించే ప్రశ్న వినగానే తెలిసిపోతుంది. కానీ సొంత పార్టీ ఎమ్మెల్యే తన ఊరి రోడ్డు గురించి గట్టిగా అడిగితే మంత్రికి తప్పించుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే దాన్ని రాజకీయం అని కొట్టిపారేయలేడు.

ప్రశ్నలకు డబ్బు తీసుకున్న సంఘటనలు నిజమేనా?

2005 డిసెంబర్‌లో రహస్య కెమెరాలకు చిక్కిన 11 మంది ఎంపీలను, 10 మంది లోక్‌సభ, ఒకరు రాజ్యసభ, అదే నెల 23న బహిష్కరించారు. 2007లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2023 డిసెంబర్‌లో తృణమూల్ కాంగ్రెస్ ఎంపీ మహువా మొయిత్రాను ఇలాంటి ఆరోపణ మీదే లోక్‌సభ నుంచి బహిష్కరించారు. ప్రశ్నలు పంపే పార్లమెంటు పోర్టల్ లాగిన్ వివరాలు వేరేవాళ్ళకు ఇచ్చానని ఒప్పుకున్న ఆమె, డబ్బు తీసుకోలేదన్నారు. 2024లో మళ్ళీ గెలిచి వచ్చారు.

నా సమస్యను ప్రశ్నగా వేయించడం ఎలా?

సమావేశాలు మొదలయ్యాక పరిగెత్తితే లాభం లేదు. గడువు గుర్తుంచుకుని నెల ముందే ఇవ్వండి. ఎమ్మెల్యే చేతికి వినతిపత్రం ఇచ్చి ఫోటో దిగడం కంటే, ఆయన పీఏకో పార్టీ శాసనసభాపక్షం కార్యాలయానికో నేరుగా ప్రశ్న రూపంలో రాసిన కాగితం ఇవ్వడం ఉపయోగం. (అ), (ఆ), (ఇ) అని విడగొట్టి, ఒకే శాఖకు చెందేలా, తేదీలతో రాయండి. తయారైన ప్రశ్న దొరికితే వద్దనే పీఏ ఉండడు, ఆయనకూ రోజూ ఇన్ని రాయాలి కదా.

ముందు సమాచార హక్కు దరఖాస్తు వేసి, వచ్చిన కాగితాన్ని జత చేస్తే ఇంకా బలం. సమాచార హక్కుకు 30 రోజుల గడువు ఉంది, కానీ అక్కడ మీకు కాగితమే వస్తుంది, హామీ రాదు. అసెంబ్లీ ప్రశ్నకు వచ్చే జవాబు మీద మంత్రి సంతకం ఉన్నట్టే. మన అసెంబ్లీలు ఏడాదిలో కూర్చునే రోజులు తక్కువ, రెండు సమావేశాల మధ్య ఆరు నెలలు మించకూడదన్నది ఒక్కటే రాజ్యాంగం పెట్టిన కట్టుబాటు. ఆ విరామంలో సమాచార హక్కే దిక్కు.

ఊరికి దగ్గరలో అడిగే చోటు లేదా?

ఉంది. జిల్లా పరిషత్ సర్వసభ్య సమావేశానికి ఎమ్మెల్యేలు, ఎంపీలు వస్తారు, జిల్లా అధికారులు ఎదురుగా ఉంటారు. కేంద్ర పథకాల మీద ఎంపీ అధ్యక్షతన దిశ కమిటీ ఉంది, మూడు నెలలకోసారి కలవాలి. కుళాయి, బోరు, బడి ప్రహరీ లాంటివి హైదరాబాద్ దాకా, అమరావతి దాకా వెళ్ళక్కర్లేకుండా ఇక్కడే తేలతాయి. సమావేశం జరిగితే. దిశ సమావేశం కిందటిసారి ఎప్పుడు జరిగిందన్నది కూడా మంచి ప్రశ్నే.

జవాబులు ఎక్కడ చూడొచ్చు? తెలుగులో ఉంటాయా?

పార్లమెంటు జవాబులు సన్సద్ వెబ్‌సైట్‌లో ఉంటాయి, ఇంగ్లీషు, హిందీల్లో. మంత్రిత్వ శాఖ, సభ్యుడి పేరు, తేదీతో వెతకొచ్చు. మీ ఎంపీ పేరు కొట్టి ఇప్పటిదాకా ఏం అడిగాడో చూడండి, అరగంట బాగా గడుస్తుంది. రాష్ట్రాల ప్రశ్నలు ఆయా శాసనసభల వెబ్‌సైట్లలో వెతకాలి. అక్కడ తెలుగు ఉంటుంది, కానీ స్కాన్ చేసిన కాగితాలైతే పదం కొట్టి వెతకడం కుదరదు. తేదీ తెలిస్తేనే దొరుకుతుంది, కాబట్టి మీ ప్రశ్న వచ్చిన రోజు, దాని సంఖ్య ఎక్కడైనా రాసి ఉంచుకోండి.